తొలి రైఫిల్ కొంటున్నారా? బోరు సంగతి తర్వాత, ముందు చట్టం చూడండి

మొదటి రైఫిల్ ఏది కొనాలి అని యూట్యూబ్‌లో వెతికితే వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికావే. వెయ్యి గజాల దూరంలో వేలాడే ఇనుప పలకకు గురి, తెల్లవారుజామున జింక వేట, దుకాణానికి వెళ్లి అదే రోజు తుపాకీతో ఇంటికి రావడం.. అన్నీ కనిపిస్తాయి. ఆ సలహాలు పట్టుకుని ఇక్కడ తుపాకీ ఎంచుకుంటే డబ్బు వృథా కావడం చిన్న నష్టం. కేసు, జైలు అసలు నష్టం.

మన దేశంలో షూటింగ్ నేర్చుకోవడం నేరం కాదు. దానికి చట్టమే ఒక దారి చూపించింది. ఆ దారిలో రైఫిల్ కొనడం చివరి మెట్టు. మొదటి మెట్టు క్లబ్ సభ్యత్వం. ఏది లైసెన్సు లేకుండా కొనొచ్చు, దేనికి లైసెన్సు తప్పనిసరి, దేని జోలికి అసలు వెళ్లకూడదు? చూద్దాం.

వేట కోసం రైఫిల్ కొనొచ్చా?

సూటిగా చెప్పాలంటే మన దేశంలో సరదా వేట అనేదే లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 దాన్ని నిషేధించింది. 2022లో సవరించిన ఈ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కృష్ణజింక, నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. దుప్పి, అడవి పంది, కుందేలు, చిలుక వంటివీ రక్షణ ఉన్న జీవులే. చంపితేనే వేట అనుకోవద్దు. వలవేసి పట్టడం, చంపడానికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. గురి తప్పింది కదా అంటే కుదరదు.

మొదటి షెడ్యూల్‌లోని జంతువును వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. మిగతా చాలా ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. వాడిన తుపాకీని, వాహనాన్ని కూడా స్వాధీనం చేసుకుంటారు. ఇది ఎయిర్‌గన్‌కూ వర్తిస్తుంది. తోటలో పిట్టలను కొట్టడానికి ఎయిర్‌గన్ కొనేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

మరి పంటలు పాడుచేసే అడవి పందుల సంగతేంటి? వాటిని చంపేందుకు చట్టంలోని 11వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వొచ్చు. కానీ ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి. చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్టు కాదు.

లైసెన్సు లేకుండా ఏది కొనొచ్చు?

ఆయుధాల నిబంధనలు-2016 ప్రకారం రెండు షరతులకూ లోబడిన ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఒకటి, బోరు 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకూడదు. రెండు, పెల్లెట్ బయటకు వచ్చేటప్పటి శక్తి 20 జౌళ్లు దాటకూడదు. గుర్తింపు, చిరునామా పత్రాలు చూపించి, బిల్లు తీసుకుని కొనాలి.

ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాల్సిందే. చాలామంది పొరపడేది ఇక్కడే. 0.22 బోరు ఎయిర్‌గన్ కూడా గాలితో పనిచేసేదే కదా, లైసెన్సు ఎందుకు అనుకుంటారు. బోరు 5.5 మిల్లీమీటర్లు కాబట్టి అది మినహాయింపులోకి రాదు. స్ప్రింగ్ మార్చి పవర్ పెంచి ఇస్తామని చెప్పే అమ్మకందారులూ ఉంటారు. అలా 20 జౌళ్లు దాటితే నిన్నటిదాకా మామూలుగా ఉన్న మీ ఎయిర్‌గన్ ఈరోజు లైసెన్సు లేని ఆయుధం అవుతుంది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు.

అసలు పోటీలకు అంత పవర్ అవసరమే లేదు. ఒలింపిక్స్‌లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌళ్లలో సగం కూడా ఉండదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే.

0.22 రైఫిల్ కావాలంటే?

తూటాలు పేల్చే రైఫిల్‌కు లైసెన్సు తప్పనిసరి. అయితే ఆయుధాల చట్టం-1959 క్రీడాకారులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆత్మరక్షణ కోసం రైఫిల్ కావాలంటే తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. కేంద్రం లైసెన్సు లేదా గుర్తింపు ఇచ్చిన రైఫిల్ క్లబ్, సంఘంలో సభ్యులై, టార్గెట్ ప్రాక్టీస్ కోసం 0.22 రైఫిల్ అడిగితే మాత్రం, అనర్హతలేవీ లేనప్పుడు లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతోంది. ఒక వ్యక్తికి రెండు తుపాకులే అన్న పరిమితి నుంచీ ఈ సభ్యులు ప్రాక్టీస్‌కు వాడే 0.22, ఎయిర్ రైఫిళ్లకు మినహాయింపు ఉంది.

అందుకే ముందు సభ్యత్వం అనేది. దేశంలో ఈ క్రీడను నడిపేది 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. దాని కింద రాష్ట్ర సంఘాలు ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో ఉండేవారు తమ రాష్ట్ర రైఫిల్ సంఘాన్ని సంప్రదించి, మీరు చేరాలనుకుంటున్న అకాడమీకి గుర్తింపు ఉందో లేదో అడగండి. మాల్‌లో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడిచే ప్రతి ఎయిర్‌గన్ రేంజ్‌కూ గుర్తింపు ఉంటుందనుకోవద్దు.

దరఖాస్తు ఎలా చేయాలి?

లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవారు క్లబ్ శిక్షణలో నిబంధనల మేరకు తుపాకీ వాడొచ్చు, సొంత లైసెన్సు మాత్రం రాదు.

దరఖాస్తు ఫారం ఏ-1. కేంద్ర హోంశాఖ ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్ పోర్టల్‌లో నింపాలి. నిర్ణయించేది పోలీస్ కమిషనరేట్ పరిధిలో కమిషనర్, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేట్. గుర్తింపు, చిరునామా పత్రాలతో పాటు ఆరోగ్య ధ్రువీకరణ, ఆయుధ భద్రతా శిక్షణ సర్టిఫికెట్, క్లబ్ సభ్యత్వ పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. తర్వాత పోలీస్ విచారణ ఉంటుంది. క్రిమినల్ కేసులు, గత శిక్షలు, ఇరుగుపొరుగుతో గొడవలు అన్నీ ఆ నివేదికలోకి వస్తాయి. తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు.

లైసెన్సుపై విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. అది లేని లైసెన్సు చెల్లదు. 2019 సవరణతో కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఐదేళ్లంటే మరిచిపోవడానికి సరిపడా సమయం. గడువు దాటాక ఇంట్లో ఉన్న రైఫిల్ లైసెన్సు లేని రైఫిలే. అందుకే రెన్యువల్ తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.

ఏ బోర్ల జోలికి వెళ్లకూడదు?

నిషిద్ధ బోరు అనే జాబితా ఉంది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, 0.303, 7.62 మిల్లీమీటర్ల సర్వీసు తూటాలను పేల్చగల రైఫిళ్లు అందులోకి వస్తాయి. అమెరికా వీడియోల్లో తరచూ వినిపించే 0.308 విన్‌చెస్టర్ తూటా 7.62 నాటో తూటాకు తోబుట్టువు లాంటిది. ఆ పేరు చెప్పి ఇక్కడ ఎవరైనా రైఫిల్ అమ్మజూపితే దూరంగా ఉండటం మంచిది. శబ్దం తగ్గించే సైలెన్సర్ కూడా నిషిద్ధ జాబితాలోనిదే.

దేశీయంగా ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే 0.315 స్పోర్టింగ్ రైఫిల్‌కు సాధారణ లైసెన్సు సరిపోతుంది. కానీ అది గురి పోటీలకు ఉద్దేశించినది కాదు. మ్యాచ్ షూటింగ్ నేర్చుకోవాలనుకునేవారికి తొలి రైఫిల్‌గా పనికిరాదు.

సరే, ఎయిర్ రైఫిల్ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

ముందు కొన్ని నెలలు క్లబ్ రైఫిల్‌తోనే ప్రాక్టీస్ చేయండి. మ్యాచ్ స్థాయి దిగుమతి రైఫిళ్ల ధర లక్షల్లో ఉంటుంది. ఆసక్తి నిలుస్తుందో లేదో తెలియకముందే అంత పెట్టడం తెలివైన పని కాదు. నాలుగు రకాలు పట్టుకుని చూశాక మీ ఒంటికి ఏది సరిపోతుందో మీకే తెలుస్తుంది. తర్వాత ఇవి చూడండి.

కొలత: ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే బట్ చివరి వరకు ఉండే పొడవు మీ చేతికి తగ్గట్టు సర్దుకునేలా ఉండాలి. చెంప ఆనించే భాగం ఎత్తూ అంతే. కళ్లజోడు, చెప్పుల్లాగే రైఫిల్ కూడా మీ కొలతకు ఉండాలి. ఎదిగే పిల్లలకు కొంటుంటే ఇది మరీ ముఖ్యం. ఎడమచేతి వాటం ఉంటే ఆ రకమే అడగండి.

బరువు: 10 మీటర్ల పోటీల్లో రైఫిల్ బరువు 5.5 కిలోలు మించకూడదు. బరువుంటే కదలిక తగ్గుతుంది. కానీ పోటీలో 60 షాట్లు నిలబడే కొట్టాలి. నడుము, భుజాలు తట్టుకునే బరువే మీకు సరైన బరువు.

గాలి నింపే పద్ధతి: బ్యారెల్ మడిచి స్ప్రింగ్ బిగించే రకం చవక. కానీ పేల్చినప్పుడు స్ప్రింగ్ కదలికకు రైఫిల్ ఊగుతుంది. సిలిండర్‌లో గాలి నింపే రకంలో ఆ ఊగు దాదాపు ఉండదు, పోటీల్లో వాడేది ఇదే. అయితే గాలి ఎక్కడ నింపించుకోవాలో ముందే ఆలోచించాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ తప్పక చూడండి. గడువు దాటిన సిలిండర్ ప్రమాదకరం, పోటీలో అనుమతించరు కూడా.

సైట్లు: ఒలింపిక్ తరహా పోటీల్లో టెలిస్కోప్ పనికిరాదు. చిన్న రంధ్రంలోంచి చూసే సైట్లే వాడాలి. స్కోప్ ఉచితం అనే ఆఫర్ చూసి రైఫిల్ ఎంచుకోకండి.

పెల్లెట్లు: ఒకే రైఫిల్ ఒక రకం పెల్లెట్‌తో దగ్గర దగ్గరగా, మరో రకంతో చెదిరినట్టు కొట్టొచ్చు. కాగితానికి గుండ్రంగా చిల్లు పడేలా తల చదునుగా ఉండేవి వాడతారు. రెండు మూడు రకాలు పరీక్షించాకే పెద్ద మొత్తంలో కొనండి.

విడిభాగాలు: రబ్బరు సీళ్లు మార్చే మనిషి మీ ఊళ్లో ఉన్నాడా? లేకపోతే ఎంత ఖరీదైన రైఫిలైనా నెలల తరబడి పెట్టెలోనే ఉంటుంది.

దూరపు గురికి ఇది సరిపోతుందా?

10 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 50 మీటర్ల టార్గెట్‌లో అది 10.4 మిల్లీమీటర్లు, ఇంచుమించు చొక్కా గుండీ అంత. 0.22 తూటా నెమ్మదైనది, తేలికైనది. పక్కగాలి వీస్తే 50 మీటర్లలోనే పది దాటి తొమ్మిదిలోకో, ఎనిమిదిలోకో జరుగుతుంది. రేంజ్‌లో చిన్న జెండాలు పెట్టేది గాలిని చదవడానికే. వందల మీటర్ల దూరానికి కావాల్సిన విద్యంతా, అంటే నిలకడ, ఊపిరి, ట్రిగ్గర్, గాలి అంచనా ఇక్కడే వస్తుంది. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలె కాంస్యం గెలిచింది 50 మీటర్ల రైఫిల్‌లోనే. 300 మీటర్ల పోటీలూ ఉన్నాయి. వాటికి పెద్ద బోరు, ప్రత్యేక రేంజ్ కావాలి కాబట్టి అది తొలి అడుగు కాదు.

అమెరికాలో ఉన్న తెలుగువారి మాటేమిటి?

అక్కడ వేట చట్టబద్ధమే. కానీ ఎఫ్-1, హెచ్-1బీ వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ కొనడం, ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ లైసెన్సు గడువు ముగిస్తే మినహాయింపూ పోతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా చూసుకోవాలి.

ఎంపిక విషయానికొస్తే దూరపు గురికీ, వేటకూ ఒకే రైఫిల్ అంటే రాజీ పడాల్సిందే. టార్గెట్ రైఫిల్ బరువుగా ఉంటే మేలు. అడవిలో మైళ్లు మోయడానికి తేలికైనది కావాలి. 1952లో వచ్చిన 0.308 విన్‌చెస్టర్, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ రెండింటికీ పనికొస్తాయి. రెండోదానికి వెనక్కి తన్నే దెబ్బ తక్కువ. అయినా అక్కడ కూడా 0.22తో మొదలుపెట్టడమే మేలు.

ఇంట్లో, ప్రయాణంలో..

రైఫిల్, తూటాలు వేర్వేరు తాళాల్లో ఉంచండి. శుభ్రం చేసే ముందు బ్యారెల్ ఖాళీయేనని కళ్లతో చూసి నిర్ధారించుకోండి. ఖాళీ అని తెలిసినా మనిషి వైపు తిప్పొద్దు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ కంటిని పోగొట్టగలదు. పెళ్లిలో, పండుగలో సరదాగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా.

ప్రయాణాల్లో లైసెన్సు, బిల్లు, క్లబ్ కార్డు వెంట ఉండాలి. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగునే విమానాశ్రయానికి తీసుకెళ్లకండి. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా చాలు కేసుకు.

మొత్తం మీద వరుస ఇదీ: గుర్తింపు ఉన్న క్లబ్‌లో చేరండి. క్లబ్ రైఫిల్‌తో నేర్చుకోండి. ఆసక్తి నిలిస్తే 0.177 మ్యాచ్ ఎయిర్ రైఫిల్ కొనండి. స్కోరు పెరిగాక, కోచ్ సరే అన్నాక 0.22 లైసెన్సుకు దరఖాస్తు చేయండి. ఎవరైనా ఈ వరుస తప్పించి నేరుగా తుపాకీ ఇప్పిస్తామంటే ఒప్పుకోకండి. కేసైతే వారితో పాటు మీరూ బాధ్యులే.