తెర నలుపా, తెలుపా?

పలకపై బలపముతో దిద్దిన అక్షరము నలుపుపై తెలుపు. తాటాకుపై గంటముతో వ్రాసి మసి పూసిన అక్షరము లేతరంగుపై నలుపు. మనవారు రెండింటను చదువుకొనిరి. వెలుగు తెరలు వచ్చిన పిదప, కంటికి ఏది మేలను ప్రశ్న మరల తలయెత్తినది. హైదరాబాదు చెంతనున్న రావిర్యాల పారిశ్రామికవాడలో టెలివిజన్లు తయారగుచున్నవి. దానికి చేరువనున్న శంషాబాదు విమానాశ్రయమున 2008 నుండి రేయింబవళ్లు తెరల ముందు పని సాగుచున్నది. సెల్‌ఫోను గల ప్రతి ఇంటను ఈ ప్రశ్న ఉన్నదే.

తెర తెల్లగా నున్నప్పుడు కంటిపాప ముడుచుకొనును. సన్నని రంధ్రము గుండా వచ్చు వెలుగు అక్షరమును స్ఫుటముగా చూపును. తెర నల్లనైనచో పాప విప్పారును. కంటిలోని సహజ లోపములు బయటపడును. కంటి ముందరి పొర వంపు అన్ని దిక్కుల సమముగా లేనివారికి, నల్లని తెరపై తెల్లని అక్షరములు అలికినట్లు తోచును. 2013లో ప్రకటితమైన ఒక జర్మను పరిశోధనలో, పడుచువారును వృద్ధులును గూడ తెలుపుపై నలుపునే మెరుగుగా చదివిరి.

అట్లని నలుపు నిరర్థకము కాదు. శుక్లములు గలవారి కంటిలో తెల్లని కాంతి చెదరి మిరుమిట్లు గొలుపును. అట్టివారికి నల్లని తెరయే హాయి. చీకటి గదిలోను అంతే. 2018లో జర్మనీయందే జరిగిన మరియొక ప్రయోగము, హ్రస్వదృష్టి విషయమున నలుపుపై తెలుపు మేలు కావచ్చునని సూచించినది. అది స్వల్పకాలిక ప్రయోగము. దానినిబట్టి పిల్లలకు అభయమీయరాదు.

కంటి అలసటకు రంగుకంటె బలమైన కారణములు వేరే కలవు. మామూలుగా నిమిషమునకు పదునైదు మారులు కొట్టుకొను రెప్ప, తెర ముందు అందులో సగమైనను కొట్టుకొనదు. కన్ను ఎండి మండును. దగ్గరి వస్తువునే చూచుటచే కంటి కండరము బిగిసియుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 నడుమ నగరమునను, మూడు జిల్లాల పల్లెలలోను పదివేలమందికి పైగా పరీక్షించెను. చూపు మందగించుటకు శుక్లములును, అద్దములతో సరిదిద్దని దృష్టిదోషములును ప్రధాన కారణములని తేలినది. చత్వారము వచ్చినవాడు తలనొప్పికి తెర రంగు మార్చి ఊరకున్నచో, దోషము అట్లే యుండును. కాలము మాత్రము గడచిపోవును.

కావున పగటి వెలుతురులో తెల్లని తెరయు, చీకటిలో కాంతి తగ్గించిన తెరయు వాడుడు. ఇరువది నిమిషములకొకమారు ఇరువది అడుగుల ఆవలి వస్తువును ఇరువది సెకనులు చూడుడు. రెప్పవేయుట మరువకుడు. అప్పటికిని బాధ తగ్గనిచో కంటివైద్యుని చూడుడు. నల్లని తెర కళ్లద్దములకు బదులు కాదు.