కరిగినా తిరిగి కట్టుకుంటుంది!

బీయస్సీ ల్యాబులో నీళ్ళలోకి కరెంటు పంపి హైడ్రోజన్, ఆక్సిజన్ విడదీశానంటే ఇంటర్ చదివే మా అమ్మాయి నవ్వింది. "అవన్నీ నీకింకా గుర్తున్నాయా అమ్మా?" అంది. మనసు చివుక్కుమంది.

పొగరాని ఇంధనం హైడ్రోజన్ చవగ్గా రావాలంటే ఆక్సిజన్ వైపే చిక్కు. అక్కడ ఉత్ప్రేరక లోహాలు అరిగిపోతాయి. తట్టుకునే ఇరీడియం మహా ఖరీదు. 2008లో అమెరికాలోని ఎంఐటీలో డేనియల్ నొసెరా, మాథ్యూ కానన్ ఫాస్ఫేట్ నీళ్ళలో కోబాల్ట్ లవణం కలిపి కరెంటు ఇచ్చారు. ఎలక్ట్రోడు మీద ఉత్ప్రేరకం పొర దానంతటదే కట్టుకుంది. కరిగిన కోబాల్ట్ కూడా ఫాస్ఫేట్ సాయంతో మళ్ళీ పొరలో చేరుతుంది. కరెంటు ఆపితే మాత్రం ఆ మరమ్మతూ ఆగిపోతుంది.

అంటే అరగడం కాదండీ, పని ఆగడమే ముప్పు! అటక మీది నా నోట్సు దించాను. ఇప్పుడు మా అమ్మాయికి కెమిస్ట్రీ చెప్పేది నేనే.