ఆ కింది కొమ్మను ఎందుకు కోయలేదంటే...

మన హాస్టల్ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న సరుగుడు మొక్కను చూసినవారంతా ఒకే మాట అడుగుతున్నారు: "అన్నా, కింద పొడుగ్గా వేలాడే ఆ కొమ్మను కోసెయ్యొచ్చు కదా?" కోయకపోవడానికి కారణం ఉంది. పీజీ ముగించుకుని మేము వెళ్లిపోతున్నాము కనుక దానిని ఇక్కడ రాసిపెడుతున్నాము.

బోన్సాయ్ అంటే జపాను భాషలో తొట్టిలో నాటినది అని అర్థం. ఈ విద్య చైనాలో పుట్టి జపానుకు వెళ్లింది. జపాను వారికి ఇందులో పైన్ చెట్టంటే మహా ఇష్టం. కానీ అది చల్లని ప్రాంతాల చెట్టు. సికింద్రాబాద్ ఎండల్లో తొట్టిలో బతికించడం కష్టం. అందుకే చూపులకు పైన్‌ను పోలిన సరుగుడును ఎంచుకున్నాము. ఇది పైన్ జాతి కాదు. సూదుల్లా కనిపించేవి సన్నని పచ్చ రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా ఉంటాయి.

మొదటి మొక్కను మేమే పాడుచేశాము. నర్సరీ నుంచి తెచ్చిన సాయంత్రమే, శుభ్రంగా కనబడాలని కింది కొమ్మలన్నీ కోసేశాము. రెండేళ్లయినా కాండం పెన్సిలంత లావు దాటలేదు. పైన మాత్రం చీపురులా గుబురు పెరిగింది. పచ్చదనమంతా తీసేసిన ఒక కొమ్మ ఎండిపోయింది. పైన్‌లోనూ ఇంతే, సూదులు లేని పాత కొమ్మ సాధారణంగా మళ్లీ చిగురించదు.

చెట్టు బలం పైకొనకే పరుగెడుతుంది. కింది కొమ్మ తయారుచేసే ఆహారం దాని దిగువనున్న కాండాన్ని లావు చేస్తుంది. కాబట్టి లేత మొక్కకు ఆ కొమ్మ ఎంత పెరిగితే అంత మేలు. పని పూర్తయ్యాకే దానిని తీసేయాలి.

రెండో మొక్క విషయంలో తొందరపడలేదు. ముందు మొదట్లోని మట్టిని కొంచెం తొలగించి వేళ్లు ఎటు బాగా పరుచుకున్నాయో చూశాము. వేళ్లూ, కాండం వంపూ చక్కగా కనిపించే వైపును ముఖంగా నిర్ణయించాము. ఎత్తులో మూడో వంతు దగ్గర ఒక కొమ్మను మొదటి కొమ్మగా, దానికి ఎదురు వైపు కాస్త పైన రెండోదాన్ని, వెనుక మూడోదాన్ని ఉంచాము. ఒకే ఎత్తులో ఎదురెదురుగా రెండుంటే ఒకటి తీశాము. పైనున్న లావు కొమ్మలను తగ్గించాము. వంచడానికి అల్యూమినియం తీగ చుట్టాము. బెరడులోకి దిగకముందే దాన్ని విప్పాలి. కొమ్మలూ వేళ్లూ ఒకేసారి కోయకూడదు.

జపానులో 1625 నుంచి పెంచిన ఒక పైన్ బోన్సాయ్ 1945 ఆగస్టు 6న హిరోషిమాలో బాంబు పడినప్పుడు ఆ ఊళ్లోనే ఉండి బతికింది. దాన్ని పెంచిన యమాకి కుటుంబం 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. ఇప్పుడది వాషింగ్టన్‌లో ఉంది. దాన్ని ఏ ఒక్కరూ మొదలుపెట్టి పూర్తిచేయలేదు. ఒక తరం ఉంచిన కొమ్మను తర్వాతి తరం కాపాడుతూ వచ్చింది.

తమ్ముళ్లూ, మన కాండం బొటనవేలంత లావయ్యేదాకా ఆ కొమ్మ జోలికి పోకండి. ఆ తర్వాత కోయాల్సింది మీరే. వేసవిలో మాత్రం రోజూ నీళ్లు పోయడం మరువకండి.