నాలుగు చక్రములును లాగు పాత బండిని కొనుట

మామిడి కోతలు ముగిసి తొలకరి పడు దినములలో తిరువూరు, గంపలగూడెము, విస్సన్నపేట, ఏ.కొండూరు మండలములలో నేను తిరుగునప్పుడు, విత్తనములను గూర్చియు తెగుళ్లను గూర్చియు అడిగిన పిమ్మట రైతు సోదరులు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, పాత జీపు ఒకటి బేరమునకు వచ్చినది. కొనవచ్చునా?"

ఈ కోరిక వృథా విలాసము కాదు. తోటకు పోవు డొంక వానకాలమున అడుసగును. నల్లరేగడిలో ట్రాక్టరు తప్ప మరేదియు కదలదు. ట్రాక్టరుపై వృద్ధులను, చంటిబిడ్డలను కూర్చుండబెట్టి ఆసుపత్రికి పోవుట కష్టము. క్రొత్త బండి వెల అందరికిని అందదు గనుక పాతదానిని వెదకుట సహజమే. ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పిన మాటలనే యిచ్చట ఒకచోట కూర్చుచున్నాను.

మన పెద్దలు ఎద్దును కొను విధము మనకు తెలిసినదే. పండ్లు పట్టి వయస్సు చూతురు, సుడులు చూతురు, గిట్టలెత్తి చూతురు, నడిపించి చూతురు, తుదకు బరువు లాగించి చూచిన గాని బయానా ఇయ్యరు. ఎద్దు విషయమున ఇంత జాగ్రత్తపడు వారే, దానికి పెక్కు రెట్లు వెలగల బండిని రంగు చూచి కొనుచున్నారు.

నేనును అట్లే మోసపోయితిని. కొన్ని యేండ్ల క్రిందట ఒక పాత జీపును కొంటిని. రంగు క్రొత్తది, సీట్లు క్రొత్తవి, టైర్లు నల్లగా మెరయుచుండెను. గేరు కడ్డీ ప్రక్కన చిన్న కడ్డీ యుండుట చూచి తృప్తిపడితిని గాని దానిని వేసి చూడలేదు. ఆ శ్రావణమాసమున ఒక రాత్రి మా తల్లిగారికి ఆయాసము హెచ్చగా, ఆమెను జీపులో కూర్చుండబెట్టి పొలము దారిన బయలుదేరితిమి. రోడ్డు ఇంక అరమైలు కలదనగా వెనుక చక్రములు అడుసులో దిగబడి ఉన్నచోటనే తిరుగసాగెను. చిన్న కడ్డీని లాగితిని. కడ్డీ కదలినది గాని ముందు చక్రములు కదలలేదు. తుదకు ఆమెను మంచముపై మోసికొని రోడ్డు చేరితిమి. దైవకృప వలన ఆమె కోలుకొనెను. మరునాడు మేస్త్రీ బండి క్రిందికి దూరి చూచి, ముందు ఇరుసునకు శక్తిని గొనిపోవు షాఫ్టే అందు లేదని చెప్పెను. చప్పుడు చేయుచున్నదని అమ్మినవారు దానిని ముందే విప్పించివేసిరట! నేను అడుగలేదు, వారు చెప్పలేదు. ఒక్క నిమిషము వంగి చూచియున్నచో ఆ రాత్రి అంత బాధ కలుగకపోవును.

అవసరమును తూచుట

మొదట మనకు ఇట్టి బండి నిజముగా కావలెనా యని యోచింపవలెను. ఇంటికిని తోటకును కంకర రోడ్డు ఉన్నవారికి ఎత్తైన సాధారణపు బండియే చాలును. నాలుగు చక్రముల బండిలో ఇరుసులు, షాఫ్టులు, కీళ్లు హెచ్చు, చమురు ఖర్చు హెచ్చు, మరమ్మతు హెచ్చు. ఏటికి మూడు నెలలు అడుసు దాటవలసినవారికే ఆ ఖర్చు గిట్టును.

జీపు వలె కనబడునదెల్ల నాలుగు చక్రములును లాగునది కాదని కూడ ఎరుగవలెను. మన పల్లెలలో విస్తారముగా తిరుగు బొలెరోలలో చాల భాగము వెనుక చక్రములతో మాత్రమే నడచును. స్కార్పియోలలో కొన్నింటికి మాత్రమే నాలుగు చక్రముల ఏర్పాటు కలదు. 2010లో వచ్చిన థార్‌లోను రెండు విధములు కలవు. 2020 అక్టోబరులో వచ్చిన క్రొత్త థార్‌నకు సయితము 2023లో వెనుక చక్రముల రకము వచ్చినది. 1985లో వెలువడిన మారుతీ జిప్సీ తేలికైన పెట్రోలు బండి; అడుసులో తేలికదనము గొప్ప గుణము. అయితే దాని తయారీ ఆగిపోయినది గనుక విడిభాగములు దొరకు చోటు ముందే విచారించుకొనవలెను. మహీంద్రావారి పాత డీజిలు జీపులు మోటువైనను, వానిని విప్పి బిగింపగల మేస్త్రీలు విజయవాడ ఆటోనగరులో నేటికిని కలరు. మేస్త్రీయు విడిభాగములును దగ్గర దొరకు బండియే మనకు మంచి బండి.

కుటుంబముతో పోవువారు మరియొక సంగతి చూడవలెను. పాత జీపులలోను, జిప్సీలలోను వెనుక బల్లలు ప్రక్కకు తిరిగియుండును. నడుముపట్టీలు తరచుగా ఉండవు. గట్టి బ్రేకు పడినచో పిల్లలు పడిపోవుదురు. మన దేశమున తయారగు కార్లకు చక్రములు బిగిసిపోకుండ కాపాడు బ్రేకులు 2019 ఏప్రిలు నుండియు, నడుపువాని ముందు గాలిసంచి అదే యేడు జూలై నుండియు తప్పనిసరి యైనవి. క్రొత్త థార్‌నకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి పరీక్షలో పెద్దల రక్షణకును, పిల్లల రక్షణకును నాలుగేసి నక్షత్రములు లభించినవి. పాత జీపునే కొనువారు వెనుక సీట్లను గూర్చి ఆలోచించి మరి కొనవలెను.

చిన్న కడ్డీ పరీక్ష

ఈ బండ్లలో గేరు పెట్టె వెనుక మరియొక పెట్టె యుండును. దానిని ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. దానినుండి ఒక షాఫ్టు వెనుక ఇరుసునకును, మరియొకటి ముందు ఇరుసునకును పోవును. చిన్న కడ్డీని ఒకచోట నుంచిన రెండు చక్రములు లాగును. మరియొకచోట నుంచిన నాలుగు చక్రములును లాగును. ఇంకొకచోట నుంచిన నాలుగును నెమ్మదిగా, మిక్కిలి బలముగా లాగును.

కొనుటకు ముందు బండి క్రింద గోనెపట్టా పరచుకొని పండుకొని, రెండు షాఫ్టులును ఉన్నవో లేవో కండ్లార చూడవలెను. చేతితో పట్టి త్రిప్పి చూచినచో కీళ్లలోని వదులు తెలియును. పిమ్మట దున్నిన చేనిలోనో ఇసుకలోనో బండిని నిలిపి, నాలుగు చక్రముల స్థానములోనికి మార్చి, ఇరువది గజములు ముందుకును వెనుకకును నడిపింపవలెను. మరియొకరు ప్రక్కన నిలిచి ముందు చక్రములు లాగుచున్నవో లేదో గమనింపవలెను. కొన్ని బండ్లకు ముందు చక్రముల నడుమ త్రిప్పవలసిన బిళ్లలు కూడ నుండును. వానిని బిగించిన గాని చక్రములు లాగవు. తరువాత బలమైన స్థానములో గట్టు నెక్కింపవలెను. కడ్డీ ఎన్నటికిని పడకున్నను, పడి జారి వచ్చినను, పెద్ద చప్పుడైనను ఆ మరమ్మతునకు గల ఖర్చును వెలలోనుండి తగ్గింపుమని యడుగవలెను. లేదా ఆ బండిని వదలవలెను.

ఈ పరీక్షను తారు రోడ్డుపై చేయరాదు. మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు వెనుక చక్రముల కంటె హెచ్చు దూరము పోవును. మెత్తని నేలలో చక్రము కొంచెము జారి ఆ భేదము సరిపోవును. తారుపై జారదు గనుక ఆ ఒత్తిడి అంతయు పండ్లచక్రములపై పడి అవి విరుగును. నాలుగు టైర్లును ఒకే కొలతవి కానిచో ఇదే కీడు కలుగును. టైరు ప్రక్కన నాలుగంకెలు ముద్రింపబడి యుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము ఇరువది మూడవ వారమున చేయబడినదని అర్థము. నల్లరంగు పూసిన ముసలి టైరు ఇట్లు బయటపడును.

ఇంజను, చాసిస్

ఉదయమున మీరు పోవుసరికి ఇంజను చల్లగా నుండవలెను. ముందే వేడిచేసి యుంచినచో మరియొక దినము రండు. చల్లని ఇంజను తడవు లేక అంటుకొనవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనెను కాల్చుచున్నదని యర్థము. ఆగక వచ్చు నల్లపొగ గాలిజల్లెడ గాని డీజిలును చిమ్ము భాగములు గాని చెడినందుకు గుర్తు. వేడెక్కిన తరువాతను తెల్లపొగ నిలిచినచో నీరు లోనికి పోవుచున్నదేమో చూడవలెను. నూనె పోయు మూత విప్పి చూడుడు. లోపల మీగడ వంటి తెల్లని పదార్థమున్నచో నూనెలో నీరు కలసినది. ఇంజను తిరుగుచుండగా అచ్చటినుండి పొగ గుప్పుగుప్పున వచ్చినచో లోపల అరుగుదల హెచ్చు.

చాసిస్ బండికి వెన్నెముక. స్ప్రింగు కమానులు తగిలించు చోట్లను, స్టీరింగు పెట్టె బిగించు చోటును సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. పగుళ్లు, వెల్డింగు అతుకులు, ఒకచోట మాత్రమే పూసిన క్రొత్త రంగు అనుమానింపదగినవి. బందరు, దివిసీమ వైపున నడచిన బండ్లకు ఉప్పుగాలి వలన క్రింది ఇనుము తిని యుండవచ్చును.

నీట మునిగిన బండి

2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మొదలగు ప్రాంతములు మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీటిలో నిలిచెను. కడిగి ఆరబెట్టి రంగువేసిన బండి పైకి క్రొత్తదానివలె కనబడును. దానిని గుర్తించుటకు నడుముపట్టీని చివరివరకు లాగి చూడుడు. ఒండ్రు చార అచ్చట దాగియుండును. సీటు క్రింది పట్టాలు తుప్పు పట్టినవా? క్రింది తివాచీ ఎత్తినచో సన్నని మట్టి కలదా? తీగల కొసలు పచ్చగా చిలుము పట్టినవా? అద్దములు మూసి కొంతసేపు కూర్చున్నచో ముక్క వాసన వచ్చునా? గేరు పెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసుల నూనెలను కొంచెము తీయించి చూడుడు. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చొచ్చినది.

కాగితములు

మన తిరువూరునకు సరిహద్దు కొలది మైళ్ల దూరముననే యున్నది. 2014 జూన్ 2కు పూర్వము సత్తుపల్లి, మధిర, తిరువూరు ఒకే రాష్ట్రములోనివి. నేడు అటువైపు బండిని కొనుట పరరాష్ట్రపు బండిని కొనుటయే. పూర్వము ఏ.పి. 16 కృష్ణాజిల్లా సంఖ్యగను, ఏ.పి. 20 ఖమ్మము జిల్లా సంఖ్యగను ఉండెను. కాబట్టి ముందు ఏ.పి. అని యున్నంత మాత్రమున మన రాష్ట్రపు బండి యని నమ్మరాదు. దాని రికార్డు ఎచ్చట నున్నదో రవాణా కార్యాలయమున విచారింపవలెను. తెలంగాణలో నమోదైన బండికి అచ్చటి అధికారి ఇచ్చు నిరభ్యంతర పత్రము కావలెను. ఇచ్చట పన్ను చెల్లించి తిరిగి నమోదు చేయింపవలెను. ఆ పన్నును కలిపి చూచినచో చవుక బేరము చవుక కాకపోవచ్చును.

సొంత బండి నమోదు పదునైదేండ్లు చెల్లును. తరువాత తనిఖీ చేయించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. చాసిస్ సంఖ్యను తుడిచి, ఆర్.సి.తో అక్షరమక్షరము సరిచూడవలెను. అప్పు తీరినదో లేదో, జరిమానాలు ఏమైన మిగిలినవో ప్రభుత్వమువారి ఎం-పరివాహన్ యాప్‌లో చూడవచ్చును. అప్పు తీరినచో బ్యాంకువారు సంతకము చేసిన ముప్పది ఐదవ నమూనా పత్రమును అడిగి తీసికొనవలెను. కప్పు కోసిన జీపులు, ఇంజను మార్చిన జీపులు చూచుటకు సొంపుగా నుండును గాని, నమోదు పత్రములో నున్న దానికి భిన్నముగా బండిని మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమునకు విరుద్ధము. అనుమతి లేని మార్పు తనిఖీలో ఆటంకమగును.

ఇరువది తొమ్మిదవ, ముప్పదవ నమూనాలపై సంతకములు చేసి యాజమాన్యమును వెంటనే మార్పించుకొనుడు. అమ్మువారికిని ఇది ముఖ్యము. పేరు మారక ముందు ప్రమాదము జరిగినచో, రికార్డులో పేరున్న వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. "పేరు నెమ్మదిగా మార్చుకొందము" అను మాటపై బండిని అప్పగించిన రైతు, తాను చూడని ప్రమాదమునకు తన పొలము అమ్ముకొనవలసి రావచ్చును. భీమా మార్పునకు పదునాలుగు దినములలో దరఖాస్తు చేయవలెను.

కొన్న పిమ్మట

కొనుటకు కూర్చిన సొమ్మంతయు అమ్మువాని చేతిలో పోయక, కొంత నిలువ యుంచుకొనుడు. ఇంటికి తెచ్చిన వారములోనే ఇంజను, గేరు పెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసులు అన్నింటి నూనెలు మార్పింపవలెను. నెలకొకసారి మెత్తని నేలలో చిన్న కడ్డీని వేసి కొంతదూరము నడుపవలెను. వాడని కడ్డీ తుప్పుపట్టి, అవసరమైన రాత్రి పడదు.

కడపటి మాట. నాలుగు చక్రములును లాగు బండి అడుసు దాటించును గాని వరద దాటింపదు. కట్టలేరు వంటి మన యేళ్లు ఎగువ వానలకు చూచుచుండగా పొంగును. అడుగు లోతు ప్రవాహము చిన్న కారును తేల్చగలదు. రెండడుగుల ప్రవాహము జీపునైనను కొట్టుకొనిపోవచ్చును. చప్టాపై నీరు పారుచుండగా క్రింద రోడ్డు ఉన్నదో కోసుకొనిపోయినదో పైకి తెలియదు. ఎంత మంచి బండియైనను అట్టి చోట నిలిపి, వెనుకకు త్రిప్పి, చుట్టుదారిన పోవలెను. ఇంటిల్లిపాదిని ఎక్కించుకొనుటకే గదా మనము ఆ బండిని కొన్నది!