టీకా తేదీలు లేని ఏళ్లు

ప్రభుత్వ టీకాల పట్టిక ప్రకారం 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్లు వేయిస్తే, మళ్లీ సూది 5–6 ఏళ్ల వయసులోనే. బెంగళూరు దగ్గరి ఆనేకల్ తల్లుల చేతుల్లోని, టీకాలు నమోదు చేసే తాయి కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) ఆ మధ్యకాలంలో బీరువాలోకి చేరిపోతుంది. ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు ఉన్నా, జ్వరమో విరేచనాలో వస్తే తప్ప బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మాట, చూపు, వినికిడి, నలుగురితో కలవడం కుదురుకునేది సరిగ్గా అప్పుడే. అందుకే ఒంట్లో బాగానే ఉన్న పిల్లల్ని కూడా ఈ ఏళ్లలో ఏడాదికొకసారైనా పరీక్ష చేయించాలంటాను.

ఈ వయసు లోపాలు చాలావాటికి నొప్పి ఉండదు, అదే చిక్కు. ఒక కంటికి చూపు మందగించిన పిల్ల రెండో కంటితో అన్నీ చూసేస్తుంది, ఆటలో తేడా తెలియదు. మెదడు మాత్రం బలహీనమైన కంటి నుంచి వచ్చే బొమ్మను క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. అద్దాలతో, మంచి కంటికి పట్టీ వేసి ఆ చూపును నిలబెట్టవచ్చు గానీ ఏడెనిమిదేళ్లు దాటితే పని కష్టమవుతుంది. పిల్ల బొమ్మల పుస్తకం చూస్తుండగా ఒక్కో కన్ను అరచేత్తో మూసి చూడండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూస్తే చెయ్యి తోసేస్తూ పేచీ పెడితే వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. చెవి సంగతీ అంతే. మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గవచ్చు. పిలిస్తే పలకడం లేదని మొండిఘటం అని తిట్లు తినే పిల్లల్లో అసలు వినపడనివాళ్లు ఉంటారు. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం హైదరాబాద్‌తో సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో 2–9 ఏళ్ల పిల్లల్ని పరిశీలించింది. వినికిడి లోపం, ఆటిజం, మూర్ఛ వంటి తొమ్మిది సమస్యల్లో కనీసం ఒకటి దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఉందని తేల్చింది.

ఆనేకల్‌లో ఈ జాగ్రత్తకు అడ్డొచ్చే మాట ఒకటుంది: ‘ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో కన్నడ, వీధిలో తమిళం. మూడింటి మధ్యా పిల్లాడు తికమకపడుతున్నాడు, వాడే మాట్లాడతాడులే.’ నిజానికి రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆగిపోదు. పిల్లాడికి వచ్చిన పదాలు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. కన్నడలో మౌనంగా ఉండి తెలుగులో గలగలా మాట్లాడేవాడికి భయం లేదు. రెండేళ్లు నిండినా ఏ భాషలోనూ ‘అమ్మా రా’ వంటి రెండు మాటలు కలపలేకపోతే కారణం భాషల్లో లేదు. అందుకే పరీక్ష చేసేవారు ఇంటి భాషలోనూ అడిగి తెలుసుకోవాలి, ఇది తల్లిదండ్రులే గట్టిగా కోరాలి. ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అనేవారి అనుభవం అబద్ధం కాదు, చాలామంది అందుకుంటారు కూడా. ఎవరు అందుకుంటారో ముందే చెప్పలేం కాబట్టే వినికిడి పరీక్ష. దానివల్ల బిడ్డకు నష్టమేమీ లేదు. ముద్ర పడుతుందన్న భయం సహజమే గానీ, ‘మొద్దు’ అన్న ముద్ర పరీక్ష చేయించకపోయినా బడిలో పడుతూనే ఉంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనలేం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. అయితే జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె ఫ్యాక్టరీలను నమ్ముకుని వచ్చి, అద్దె గదులు మారే కుటుంబాల పిల్లల పేర్లు అంగన్‌వాడీ రిజిస్టరులో లేకపోతే ఆ బృందం కంట పడరు. ప్రైవేటు ప్లేస్కూలు పిల్లలదీ అదే పరిస్థితి. సెలవు పెడితే ఆ రోజు కూలి పోయే తల్లికి ‘తాలూకా ఆసుపత్రికి తీసుకెళ్లు’ అని చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలని 2017లోనే ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. వైద్య బృందాలు ఆ కేంద్రాలకూ వెళ్లాలి, ఆదివారాలు కార్మికవాడల్లోనూ కూర్చోవాలి.