సూదిమొన నుండి పుట్టిన మాట

ఎఱుకలసాని ముంగిట కూర్చుండి సూదులతో ముంజేతిపై పచ్చబొట్టు పొడుచుచుండగా, పల్లెపడుచు పంటి బిగువున నొప్పి నోర్చుకొనుట మన తాతల నాడు తఱచుగా కనబడు దృశ్యము. ఆ ‘పొడుచుట’ యను క్రియయే, గ్రీకుభాషలో వేఱొక రూపము దాల్చి, కుష్ఠురోగులను గూర్చియు మనోవ్యాధిగ్రస్తులను గూర్చియు నేటి వైద్యులు పదే పదే వాడుచున్న ‘స్టిగ్మా’ యను పదమునకు జన్మస్థానమైనది. సూదిమొన పొడిచి విడిచిన గుర్తు స్టిగ్మా. అంతకు మించి ఆదియం దా మాటకు అర్థము లేదు.

దీనిని కాల్చిన యినుముతో పెట్టిన వాతయని చెప్పువారు పలువురు గలరు గాని, గ్రీకులు మనుష్యుల మేన నుంచినది ప్రాయికముగా సిరా నింపి పొడిచిన పచ్చబొట్టే, వాతలు పశువులకు. పాఱిపోయి పట్టుబడిన బానిస నుదుట దీనిని పొడిచెడివారు. మన పడుచు సొమ్ములతో సమానముగా నెంచి కోరి పొడిపించుకొన్నదే, ఆ యభాగ్యునకు జీవితాంతము దాచుకొనరాని నేరపత్రమయ్యెను.

అయితే దాచిన ముచ్చటయు నొకటి గలదు. పారసీక ప్రభువైన డారియస్ చెంత సూసా నగరమున నిర్బంధప్రాయముగా నున్న హిస్టియేయస్, మిలేటస్ నేలుచున్న తన యల్లునకు తిరుగబడుమని వర్తమాన మంపగోరి, దారులన్నియు కావలివారి వశమున నుండుటచే, నమ్మకమైన బానిసకు తల గొఱిగించి, మాడుపై సందేశమును పొడిపించి, వెండ్రుకలు పెరుగువఱకు వేచి, పిమ్మట పంపెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. తల గొఱిగి చూడుమన్నదొక్కటే యా బంటు నోట పలుకవలసిన మాట!

క్రైస్తవమతము వచ్చినపిదప ఈ పదము తలక్రిందులైనది. గలతీయులకు వ్రాసిన లేఖలో పౌలు తన దేహముపైని గాయపు గుర్తులను యేసు స్టిగ్మాలని చెప్పుకొనెను. దాసుడనని చాటుకొనుటయే గౌరవమైనది. 1224లో అస్సీసీ ఫ్రాన్సిస్ అను సన్న్యాసి కాలుసేతులపైని, ప్రక్కలోని, యేసు సిలువగాయముల వంటి గాయములకును ఈ పేరే నిలిచినది. మన దేశముననో, ఆంగ్లేయుల యేలుబడిలో వంగదేశమున యావజ్జీవ ఖైదీల నుదుట అక్షరములు పొడుచు ‘గోద్నా’ శిక్ష 1849 వఱకు సాగినది. గోద్నా యనగా హిందీలో పొడుచుటయే! 1963లో సమాజశాస్త్రజ్ఞుడు ఎర్వింగ్ గాఫ్మన్ ‘స్టిగ్మా’ యను పేరనే గ్రంథము వెలువరించునప్పటికి సూది మాయమై, చర్మముపై నేమియు లేకున్నను తగులుకొను అపకీర్తి మాత్రము మిగిలెను.

శాస్త్రములలోనైతే ఈ పదమున కా యపకీర్తి లేదు: పువ్వులోని కీలాగ్రమును వృక్షశాస్త్రజ్ఞులు స్టిగ్మా యందురు. కంటివైద్యుడు ‘అస్టిగ్మాటిజం’ అనినపుడు, వెలుగు ఒక్క బిందువున చేరలేదని మాత్రమే భావము. ఆ మాట విని కలవరపడనక్కఱలేదు.

తెలుగున దీనికి కళంకమనియు మచ్చయనియు వ్రాయుట వాడుక. నాకది పూర్తిగా సరిపడదు. మచ్చ పుట్టుకతో రావచ్చును. చంద్రునిలోని కళంకమును ఎవ్వరును పొడువలేదు. స్టిగ్మా యన్నచో పొడిచిన చేయి యొకటి యుండితీరవలెను. భాషాశాస్త్రజ్ఞులు ఈ గ్రీకుపదమునకు సంస్కృతమున చూపెడి దాయాదులును వేఱు: వాడియను నర్థముగల ‘తిగ్మ’ శబ్దమును, మనము ముఖవర్చస్సునకు వాడు ‘తేజస్సు’ను ఆ ధాతుకుటుంబమునకే చెందినవి. మన కవులు చంద్రుని కళంకి యనిరి. తిగ్మకరుడని పిలిచినది సూర్యుని.