నేలపట్టు గూడబాతులు

పక్షులను జూచి సంతోషింపని వారుండరు. కాని చూచుట వేఱు, పరిశీలించుట వేఱు. ఈ పక్షి యెచ్చట గూడు కట్టుచున్నది? పిల్లలకు ఆహారము నెచ్చటనుండి తెచ్చుచున్నది? ఈ తావునే యేల యెన్నుకొన్నది? అని ప్రశ్నించుకొని, ఓర్పుతో సమాధానమును వెదకుటయే పక్షిపరిశీలనము. దానికి మిక్కిలి యనువైన స్థలములలో నేలపట్టు ఒకటి.

నేలపట్టు ఆంధ్రప్రదేశమునకు దక్షిణపు కొనయందు, సూళ్ళూరుపేటకు ఉత్తరముగా, దొరవారిసత్రము మండలములో నున్న గ్రామము. పూర్వము నెల్లూరు జిల్లాలోనుండిన యీ ప్రాంతము 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చట నొక మంచినీటి చెఱువు కలదు. స్థానికులు కడప చెట్లని పిలుచు వృక్షములు ఆ చెఱువు నీటిలోనే గుంపులుగా పెరిగియున్నవి. 1976లో ప్రభుత్వము దీనిని పక్షుల రక్షితకేంద్రముగా ప్రకటించినది. దీని వైశాల్యము సుమారు 459 హెక్టారులు.

అక్టోబరు మాసమున ఈశాన్య ఋతుపవనములు ప్రారంభమై చెఱువు నిండగనే గూడబాతులు వచ్చి చెట్లపై చేరును. గూడబాతు పెద్ద పక్షి. దాని బరువు 4 మొదలు 6 కిలోగ్రాముల వఱకు ఉండును. పొడవైన ముక్కు క్రింద చర్మపు సంచి యొకటి వ్రేలాడుచుండును. ఆ సంచియే దానికి వల. నీటిలో ముక్కును ముంచి చేపలను నీటితోకూడ సంచిలోనికి తీసికొని, ముక్కును వంచి నీటిని విడిచి, చేపలను మ్రింగును. పిల్లలు తల్లి గొంతులోనికి తల దూర్చి ఆహారమును గ్రహించును.

ఆ చెట్లపైననే నత్తగుల్లకొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు, రాత్రికొంగలు కూడ గూళ్ళు కట్టును. వాని ఆహారములు వేఱు వేఱు. నత్తగుల్లకొంగ నత్తలను, తెల్లకంకణము బురదలోని పురుగులను, కప్పలను తినును. నీటికాకి మునిగి చేపలను పట్టును. రాత్రికొంగ చీకటిపడిన పిమ్మట వేటకు బయలుదేరును. కావున నొకే కొమ్మపై పలుజాతులు కాపురముండగలుగుచున్నవి.

గూళ్ళు నీటినడుమనే యుండుటకు కారణము కలదు. చుట్టును నీరున్నంతకాలము నక్కలు, అడవిపిల్లులు చెట్లను చేరజాలవు. గూడబాతు గ్రుడ్లు పొదుగుటకు ఇంచుమించు ఒక నెల పట్టును. పిల్లలకు ఎగురుట వచ్చుటకు మఱి మూడు నాలుగు నెలలు కావలెను. అనగా నాలుగైదు నెలలు చెఱువులో నీరు నిలిచియుండవలెను. వానలు తగ్గి చెఱువు ముందుగ నెండినచో ఆ యేటి సంతానమునకు అపాయము తప్పదు.

ఇన్ని పక్షులకు ఈ చెఱువులోని చేపలు చాలునా? చాలవు. అందుచేత గూడబాతులు దక్షిణముగా నున్న పులికాటు సరస్సునకు ఎగిరిపోయి చేపలను తెచ్చును. శ్రీహరికోట ద్వీపము ఈ సరస్సును బంగాళాఖాతమునుండి వేఱుచేయుచున్నది. ఉప్పునీటి సరస్సులలో మన దేశమున చిలుక తరువాత ఇదియే పెద్దది. దీని లోతు తక్కువ. ఫ్లెమింగోలు వేలకొలదిగ వచ్చి ఇందు నిలిచి, ముక్కును తలక్రిందుగా నుంచి, బురదనీటిని వడగట్టి సూక్ష్మజీవులను తినును. వాని గులాబిరంగునకు ఆ యాహారమే కారణము.

ఇట్లు గూడబాతులకు ఇల్లొకచోట, వంటశాల యొకచోట. చెఱువును మాత్రము కాపాడిన చాలదు. పులికాటును సముద్రముతో కలుపు ముఖద్వారములు ఇసుకచే పూడినచో సరస్సులోనికి నీరును, చేపలును వచ్చుట తగ్గును. అప్పుడు పక్షులకే గాక సరస్సుపై జీవించు బెస్తవారికిని కష్టము కలుగును.

నేలపట్టు రైతులకు ఈ పక్షులతో పూర్వమునుండియు పొత్తు కలదు. పక్షుల రెట్ట చెఱువులో కలిసి, ఆ నీరు పొలములకు ఎరువుగ నుపయోగపడుచున్నది. కావున వారు పక్షులను బాధింపక ఆదరించుచున్నారు. ఇట్టి యాశ్రయము అన్నిచోట్ల నిలువలేదు. 1946లో ప్రకృతిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతుల గొప్ప సముదాయమును కనుగొని లోకమునకు తెలిపెను. నేడు అచ్చట ఆ సముదాయము లేదు. ఆయన వ్రాసి యుంచినందుననే ఒకప్పుడచ్చట నవి యుండెనని మనకు తెలియుచున్నది. పక్షిపరిశీలకుని వ్రాతకు గల విలువ యిదియే.

పరిశీలకుడు దూరముగ నిలిచి, దుర్భిణితో చూడవలెను. కేకలు వేయరాదు, రాళ్ళు విసరరాదు. బెదరి తల్లిపక్షి లేచిపోయినచో గ్రుడ్లు ఎండకు చెడును. కాకులు వానిని తన్నుకొనిపోవును. చూచిన పక్షి పేరు, సంఖ్య, తేది, వేళ, అది చేయుచున్న పని పుస్తకమున వ్రాసికొనవలెను.

ఇందుకు సముద్రతీరమే యక్కఱలేదు. జనగామ జిల్లాలోని రఘునాథపల్లివలె తీరమునకు దూరమైన గ్రామముల విద్యార్థులును తమ ప్రాంతపు చెఱువుకట్టపై నిలిచి కొంగలను, బుడుబుంగలను, లకుముకిపిట్టలను లెక్కింపవచ్చును. ఏటేట వ్రాసిన లెక్క ఆ చెఱువు బాగుగ నున్నదో, చెడుచున్నదో చెప్పును. చెడుచున్న సంగతి ముందుగ తెలిసినవారే దానిని నిలుపుకొనగలరు.